జూలై 28న రెండు సంస్మరణలు: తరిమెల నాగిరెడ్డి గ్రూపు పుట్టుక, చీలికలు

ఏటా జూలై 28 దగ్గరపడుతున్న కొద్దీ ఏజెన్సీ జిల్లాల పత్రికల్లో ఒకే తీరు వార్తలు చాలా ఏళ్లపాటు కనిపించాయి. మావోయిస్టుల అమరవీరుల వారం మొదలవుతోందని, అడవి దారుల్లో తనిఖీలు పెరిగాయని, లోపలి ఊళ్లకు రాత్రి బస్సులు ఆపేశారని ఆ వార్తల సారాంశం. 1972 జూలై 28న నక్సలైటు ఉద్యమ నాయకుడు చారు మజుందార్ కలకత్తాలో పోలీసు నిర్బంధంలో ఉండగా మరణించారు కనుక ఆ వారం ఆ తేదీతో మొదలై ఆగస్టు 3తో ముగుస్తుంది. సరిగ్గా నాలుగేళ్ల తరువాత, 1976లో, అదే జూలై 28న, ఎమర్జెన్సీ నడుస్తుండగా, అజ్ఞాతంలో ఉన్న మరో కమ్యూనిస్టు విప్లవ నాయకుడు తరిమెల నాగిరెడ్డి హైదరాబాదులో కన్నుమూశారు. ఆయన అనుయాయులు కూడా ఆ రోజే సభ పెట్టుకుంటారు. కాకపోతే ఈ సభలో చారు మజుందార్ పేరు వచ్చిందంటే అది విమర్శ కోసమే.

బయటి జనానికి ఇద్దరూ నక్సలైట్లే. నాగిరెడ్డిని ఆ మాటతో పిలవడంలో మాత్రం ఒక చిక్కు ఉంది. పశ్చిమ బెంగాల్‌లోని నక్సల్బరీ రైతు తిరుగుబాటు వారసత్వం తమదేనంటూ సి.పి.ఐ. (ఎం.ఎల్.), అంటే మార్క్సిస్టు-లెనినిస్టు పార్టీ, పుట్టింది 1969 ఏప్రిల్ 22న. అంతకు రెండున్నర నెలల ముందే, ఫిబ్రవరి 7న, ఆయన బృందాన్ని ఆ ప్రయత్నంలోంచి బయటికి పంపేశారు. తెలుగునేల మీద ఎం.ఎల్. గ్రూపులు అన్నెందుకు ఉన్నాయని అడిగితే చాలామంది నాయకుల అహంభావాల మీదికి తోసేసి ఊరుకుంటారు. అహంభావాలు లేవని ఎవరూ అనలేరు. కానీ నాగిరెడ్డి గ్రూపు చరిత్రను వరుసగా చదివితే చీలిన ప్రతిచోటా ఒకే ప్రశ్న ఎదురవుతుంది: ముందు జనం కదిలి, ఆ కదలికను కాపాడుకోవడానికి ఆయుధం రావాలా, లేక ఆయుధం ముందు కదిలితే దాని వెనుక జనం వస్తారా? దానికి తోడు ఆ ప్రశ్నను కూర్చుని తేల్చుకునే అవకాశం కూడా ఆ మనుషులకు ఏనాడూ పెద్దగా దొరకలేదు. ఈ రెండో కారణాన్ని విశ్లేషకులు తగినంత పట్టించుకోలేదని నా అభిప్రాయం.

నాగిరెడ్డి అనంతపురం జిల్లా తరిమెలలో 1917లో కలిగిన కుటుంబంలో పుట్టారు. రిషివ్యాలీలో, మద్రాసు లయోలాలో, కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో చదువుకున్నారు. 1952 ఎన్నికల్లో అనంతపురంలో ఆయన ఓడించింది తన సొంత బావగారైన నీలం సంజీవరెడ్డిని. 1957లో అనంతపురం నుంచే లోక్‌సభకు వెళ్లారు. ఆ ఏడాదే నల్గొండ నుంచి లోక్‌సభకు ఎన్నికైన మరో కమ్యూనిస్టు దేవులపల్లి వెంకటేశ్వరరావు, అందరికీ తెలిసిన పేరుతో చెప్పాలంటే డి.వి. కర్నూలు జిల్లాకు చెందిన చండ్ర పుల్లారెడ్డి కూడా శాసనసభ్యుడిగా పనిచేసినవారే. తరువాతి రోజుల్లో ఎన్నికల బహిష్కరణ మీద ఇంత వాదన నడిపిన బృందానికి నాయకులైన ముగ్గురూ చట్టసభల లోపలి గాలి పీల్చి వచ్చినవారు కావడం గమనించదగ్గ సంగతి. కలకత్తా యువకులకు పార్లమెంటు బూటకమన్నది పుస్తకంలో చదివిన మాట. వీరికి అది పదిహేనేళ్లు కుర్చీలో కూర్చుని తేల్చుకున్న మాట, కనుకనే వీరి గొంతులో ఆ తొందర ఉండదు.

ఈ ముగ్గురిలో సిద్ధాంత భారం ఎక్కువగా మోసినది డి.వి. ఆయనది తెలంగాణ సాయుధ పోరాటపు అనుభవం. 1946 నుంచి 1951 దాకా సాగిన ఆ పోరాటంలో మూడు వేల గ్రామాల్లో పది లక్షల ఎకరాల భూమి పంచామని, నాలుగు వేలమంది అమరులయ్యారని కమ్యూనిస్టు పార్టీ చెబుతూ వచ్చింది. ఆ అంకెలను పక్కన పెట్టినా, డి.వి. అందులోంచి తీసుకున్న పాఠం స్పష్టమైనది. సంఘం పుట్టింది వెట్టికి, అక్రమ వసూళ్లకు వ్యతిరేకంగా. కర్రలు, వడిసెలలు వచ్చింది దొరల గూండాలను ఎదిరించడానికి. తుపాకులు వచ్చింది రజాకార్లను, సైన్యాన్ని ఎదిరించడానికి, అదీ పంచుకున్న భూమి చేజారిపోకుండా. అంటే ఆయుధం ప్రతిసారీ జనం సంపాదించుకున్న ఏదో ఒకదాన్ని కాపాడటానికే వచ్చింది. చైనా దారి మన దేశానికి నప్పుతుందని ఆంధ్ర కమ్యూనిస్టులు 1948లోనే పార్టీ కేంద్రానికి రాసి, అప్పటి ప్రధాన కార్యదర్శి రణదివే ఆగ్రహానికి గురైన సంగతి కూడా ఈ వారసత్వంలోదే. మావోను వీరు నక్సల్బరీ ద్వారా తెలుసుకోలేదు, అంతకు ఇరవై ఏళ్ల ముందే చదివారు.

1964లో కమ్యూనిస్టు పార్టీ చీలినప్పుడు ముగ్గురూ సి.పి.ఎం. వైపు నిలిచారు. 1967 ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్ శాసనసభలో ఆ పార్టీకి దక్కినవి 9 స్థానాలు. ఆ ఏడాది మే 25న నక్సల్బరీలో పోలీసు కాల్పులు జరిగాయి. జూలైలో చైనా కమ్యూనిస్టు పార్టీ పత్రిక దాన్ని వసంత మేఘ గర్జన అని కీర్తించింది. ఆగస్టులో మదురైలో సి.పి.ఎం. కేంద్ర కమిటీ ఒక సైద్ధాంతిక పత్రాన్ని చర్చకు పెట్టింది. రష్యా, చైనాల మధ్య నడుస్తున్న వివాదంలో ఆ పత్రం ఎటూ తేల్చకుండా నడిమి దారి పట్టిందని ఆంధ్ర కార్యకర్తలకు అనిపించింది. 1968 జనవరిలో పాలకొల్లులో జరిగిన రాష్ట్ర ప్లీనం, అంటే పార్టీ ప్రతినిధుల ప్రత్యేక సమావేశం, మెజారిటీతో దాన్ని తిరస్కరించింది. సుందరయ్య, బసవపున్నయ్య వంటి అఖిల భారత నాయకుల సొంత రాష్ట్రంలో, వారి ఎదుటే జరిగిన ఓటమి అది. ఏప్రిల్‌లో బర్ద్వాన్ ప్లీనంలో మాత్రం ఆంధ్ర ప్రతినిధుల సవరణలు వీగిపోయాయి. జూన్‌లో పొలిట్‌బ్యూరో ఆంధ్ర కామ్రేడ్లకంటూ ఒక లేఖ రాసింది, ఆ నెలలోనే నాగిరెడ్డి బృందం పార్టీ బయట పడింది. నాగిరెడ్డి, పుల్లారెడ్డి, డి.వి., కొల్లా వెంకయ్య నాయకులుగా ఆంధ్రప్రదేశ్ కమ్యూనిస్టు విప్లవకారుల సమన్వయ కమిటీ ఏర్పడింది. రాష్ట్ర సి.పి.ఎం. సభ్యుల్లో పెద్ద భాగం వీరి వెంట నడిచింది. ఈ కథలో ఈ గ్రూపు పెద్దదిగా ఉన్నది ఆ కొద్ది నెలలే.

అప్పటికే చారు మజుందార్ నాయకత్వాన కమ్యూనిస్టు విప్లవకారుల అఖిల భారత సమన్వయ కమిటీ పనిచేస్తోంది. ఆంధ్ర కమిటీ అందులో చేరింది, కానీ చేరిన నాటి నుంచే పొసగలేదు. మొదటి చిక్కు శ్రీకాకుళంలో వచ్చింది. అక్కడి గిరిజన సంఘం వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం నాయకత్వంలో ఏళ్లుగా కూలి, భూమి, అప్పుల సమస్యల మీద పనిచేస్తూ వచ్చింది. 1967 అక్టోబరు 31న లేవిడిలో, మొండెంఖల్ సభకు వెళుతున్న గిరిజనుల మీద భూస్వాముల మనుషులు కాల్పులు జరిపితే కోరన్న, మంగన్న చనిపోయారు. ఆ తరువాత ఆయుధం పట్టాలన్న ఒత్తిడి స్థానికంగా పెరిగింది. ఇంకా సిద్ధం కావాలని రాష్ట్ర కమిటీ అంటుంటే, శ్రీకాకుళం నాయకత్వం నేరుగా చారు మజుందార్‌తో సంబంధం పెట్టుకుని 1968 నవంబరులో సాయుధ చర్యలు మొదలుపెట్టింది. రాష్ట్ర కమిటీని దాటి జిల్లా కమిటీ కేంద్రంతో మాట్లాడుకోవడమే నిర్మాణపరంగా అసలు గాయమని, సిద్ధాంత పత్రాలు దాని మీద కట్టిన కట్లని కూడా అనవచ్చు.

1969 ఫిబ్రవరి 7న అఖిల భారత కమిటీ ఆంధ్ర కమిటీని వేరు చేస్తూ మూడు ఆరోపణలు చేసింది. చైనా పార్టీ పట్ల పూర్తి విధేయత లేదన్నది ఒకటి, శ్రీకాకుళ పోరాటాన్ని మనస్ఫూర్తిగా బలపరచలేదన్నది రెండు, ఎన్నికల బహిష్కరణను సూత్రంగా ఒప్పుకోవడం లేదన్నది మూడు. నాగిరెడ్డి అప్పటికి శాసనసభ్యుడిగా ఉండటం ఈ మూడోదానికి దొరికిన రుజువు. నెల తిరగ్గానే, మార్చిలో, ఆయన రాజీనామా చేసి సభ నుంచి శాశ్వతంగా బయటికి నడిచారు. బహిష్కరణ సందర్భాన్ని బట్టి తీసుకోవలసిన ఎత్తుగడే తప్ప కాలాలకు అతీతమైన సూత్రం కాదన్న వాదనను మాత్రం ఆయన బృందం వదులుకోలేదు. ఈ తేడా బయటివారికి వెంట్రుకవాసి తేడాలా కనిపిస్తుంది. కానీ తరువాత పదిహేనేళ్లకు ఈ పాయలోంచే ఒకరు ఓట్లతో శాసనసభకు వెళ్లడానికి, మరో పాయ ఇప్పటికీ ఎన్నికల్ని తాకకపోవడానికి బీజం ఇక్కడే ఉంది.

వర్గశత్రు నిర్మూలన పేరుతో చారు మజుందార్ చెప్పిన పంథాను, అంటే చిన్న రహస్య బృందాలు భూస్వాముల్ని చంపితే రైతాంగంలో చైతన్యం రగులుతుందన్న ఆలోచనను, నాగిరెడ్డి, డి.వి. మొదటినుంచీ వ్యక్తి హింసావాదం అన్నారు. 1970 జూలై 10న సత్యం, కైలాసం పోలీసుల చేతిలో మరణించడంతో శ్రీకాకుళం ఉద్యమం నడుము విరిగింది. 1972లో కానూ సన్యాల్, చౌదరి తేజేశ్వరరావు మొదలైన ఆరుగురు జైలు నుంచి ఒక బహిరంగ లేఖ రాశారు. చైనా ప్రధాని చౌ ఎన్‌లై స్వయంగా నిర్మూలన పంథాను, 'చైనా ఛైర్మనే మా ఛైర్మన్' అన్న నినాదాన్ని తప్పుపట్టారన్న సంగతి దాంతో బయటపడింది. ఆ ఆరుగురిలో కొల్లా వెంకయ్య కూడా ఉన్నారు. నాగిరెడ్డిని వదిలి ఎం.ఎల్. పార్టీలో చేరినవారు ఆయన. చైనాకు విధేయులు కారన్న ఆరోపణతో వెలివేయబడ్డ బృందం చెప్పినదీ, చివరికి చైనా చెప్పినదీ ఒకటే అయింది. అయినా వెళ్లినవారెవరూ ఆ కారణంగా పెద్దసంఖ్యలో తిరిగిరాలేదు. వాదనలో గెలవడానికీ జనం రావడానికీ రాజకీయాల్లో పెద్ద సంబంధం ఉండదు.

వెలి తరువాత, 1969 ఏప్రిల్‌లో, ఆంధ్ర బృందం తన మహాసభ జరుపుకుని 'తక్షణ కార్యక్రమం' అనే పత్రాన్ని ఆమోదించింది. భూమి సమస్య ఇరుసుగా జనాన్ని కదిలించాలి, ఆక్రమించిన భూమి మీదికి గూండాలో పోలీసులో వస్తే ప్రతిఘటించాలి, ఆ ప్రతిఘటనలోంచే దళాలు పుట్టాలి అన్నది దాని వరస. దీన్ని అమలు చేయడానికి ఎంచుకున్నది గోదావరికి రెండువైపులా వరంగల్, ఖమ్మం, తూర్పుగోదావరి ఏజెన్సీని.

అక్కడ ఈ సిద్ధాంతం ఎలా ఉండేదో చూడాలంటే బీడీలకు వాడే తునికాకు కొనే కల్లం దగ్గర నిలబడాలి. ఎండాకాలంలో కోయ ఆడవాళ్లు తెల్లవారకముందే అడవిలోకి వెళ్లి ఆకు కోసుకొచ్చి, ఇంటిల్లిపాదీ కూర్చుని లెక్కపెట్టి, నారతో కట్టలు కట్టి, మధ్యాహ్నం దాటాక కల్లానికి మోసుకెళతారు. గుత్తేదారు మనిషి ఒక్కో కట్ట తిప్పి చూసి, చినిగిందనో, ముదిరిందనో, సైజు తగ్గిందనో కొన్ని పక్కకు తోసేస్తాడు. తోసేసినవాటికి డబ్బు రాదు, కట్టలు మాత్రం కల్లంలోనే ఉండిపోతాయి. ఇక పోడు కొట్టుకుంటే ఫారెస్టు గార్డుకు మామూలు ఇవ్వాలి, నాగలికి ఇంతని, ఇంటికి కలప తెచ్చుకుంటే ఇంతని. అది డబ్బు రూపంలో లేకపోతే కోడి రూపంలోనో, నెయ్యి రూపంలోనో, రెండు రోజుల వెట్టి రూపంలోనో వెళుతుంది. ఈ గ్రూపు కార్యకర్తలు అడవిలో మొదట మాట్లాడింది కట్టకు పెరగవలసిన పైసల గురించి, ఆపవలసిన మామూళ్ల గురించి, షావుకార్ల చేతికి పోయిన భూముల గురించి. తూర్పుగోదావరి ఏజెన్సీలో కొండమొదలు గిరిజనులు భూస్వాముల భూముల్లోకి దిగింది ఈ దశలోనే. పార్టీ పేరులోని విరామ చిహ్నాల సంగతి అక్కడ ఎవరికీ తెలియదు. ఆకు రేటు పెరిగిందా లేదా అన్నది తెలుస్తుంది.

ఈ పని వేళ్లు తన్నుకోకముందే 1969 డిసెంబరులో మద్రాసులో నాగిరెడ్డి, డి.వి. సహా పలువురు ముఖ్య నాయకులు అరెస్టయ్యారు. శ్రీకాకుళం వారి మీద పార్వతీపురం కుట్ర కేసు నడిచినట్టే వీరి మీద హైదరాబాదు కుట్ర కేసు నడిచింది. విచారణలో తన వాంగ్మూలం కోసం నాగిరెడ్డి దేశ ఆర్థిక వ్యవస్థను పరిశీలిస్తూ సిద్ధం చేసుకున్న పాఠమే ఆయన మరణానంతరం 'తాకట్టులో భారతదేశం' అన్న పుస్తకంగా వచ్చింది. ముద్దాయి తన మీది అభియోగాలకు సమాధానం చెప్పుకోవలసిన చోట విదేశీ పెట్టుబడి, అప్పులు, అమెరికా నుంచి పి.ఎల్. 480 కింద వచ్చిన గోధుమలు, భూసంస్కరణల వైఫల్యం గురించి లెక్కలు ఏకరువు పెట్టడం కోర్టుకు ఎలా తోచిందో గానీ, ఈ గ్రూపు స్వభావానికి అంతకన్నా మంచి నిదర్శనం లేదు. సావకాశంగా చదివి, రుజువులు పేర్చి, తరువాత మాట్లాడే అలవాటు వీరి బలం. మిగతా గ్రూపులవారు వీరిని పుస్తకాల పురుగులని ఎగతాళి చేసిందీ దీనికే.

పెద్ద చీలిక ఈ జైలు రోజుల్లోనే వచ్చింది. నాయకత్వంలో ఒక భాగం జైలులో, ఒక భాగం అడవిలో ఉండిపోయాయి. అడవిలో ఉన్నవారి ఎదుట ప్రతిరోజూ పోలీసులు ఉన్నారు. దళాలు లేకపోతే ఊళ్లలోకి అడుగు పెట్టలేని స్థితి వచ్చింది. ఆ దళాలను నడపాలంటే దాడులు కూడా తప్పవని వారికి తోచింది. జైలులో ఉన్నవారు చేతికందిన నివేదికలు చదివి, జనం కన్నా దళం ముందుకు పోతోందని, తాము ఏ పంథాను విమర్శించి వెలికి గురయ్యామో దాన్నే దొడ్డిదారిన తెస్తున్నారని అన్నారు. చండ్ర పుల్లారెడ్డి మొదటి వైపు, నాగిరెడ్డి, డి.వి. రెండో వైపు నిలిచారు. 1971 నాటికి ఇవి రెండు వేరు సంస్థలు. ఒకే గదిలో నాలుగు రోజులు కూర్చుంటే తేలిపోయేదని నేను అనను, ఎందుకంటే భేదం నిజమైనది. కానీ రహస్యంగా చేరవేసిన కాగితాల మీద నడిచిన చర్చలో ప్రతి వాక్యమూ పత్రం అవుతుంది, ప్రతి పత్రమూ ముద్ర అవుతుంది. మాట వెనక్కి తీసుకునే వీలు ఉండదు. మితవాదం, అతివాదం అన్న మాటలు అలా ఇరువైపులా అతుక్కుపోయాయి.

1975లో రెండు పాయలూ రెండు వేర్వేరు ఐక్యతలు వెతుక్కున్నాయి. బెయిలు మీద బయటికి వచ్చిన నాగిరెడ్డి మళ్లీ అజ్ఞాతంలోకి వెళ్లారు. ఏప్రిల్‌లో ఇతర రాష్ట్రాల బృందాలు కొన్నింటితో కలిసి భారత కమ్యూనిస్టు విప్లవకారుల సమైక్యతా కేంద్రం (ఎం.ఎల్.) ఏర్పాటు చేశారు. పార్టీ అన్న మాట బదులు కేంద్రం అన్న మాట వాడటం యాదృచ్ఛికం కాదు. పార్టీ ప్రకటించే అర్హత ఇంకా ఎవరికీ రాలేదన్నది 1969 నుంచీ వారి వాదన. పుల్లారెడ్డి బృందం బీహారుకు చెందిన సత్యనారాయణ సింగ్ నాయకత్వంలోని ఎం.ఎల్. పార్టీతో కలిసింది. అప్పుడే ఎమర్జెన్సీ వచ్చిపడింది. ఆ నవంబరులో పుల్లారెడ్డి పక్షానికి చెందిన నీలం రామచంద్రయ్య, ఉస్మానియాలో జార్జిరెడ్డి హత్య తరువాతి విద్యార్థి ఉద్యమంలో ముందున్న జంపాల చంద్రశేఖర ప్రసాద్ పోలీసుల కాల్పుల్లో మరణించారు. పోలీసులు ఎన్‌కౌంటర్ అన్నారు, పట్టుకుని కాల్చారని సహచరులు అన్నారు. మరుసటి జూలైలో నాగిరెడ్డి పోయారు.

ఆ తరువాతి చీలికలన్నీ పేరు పేరునా చెప్పడం పాఠకుడికి శిక్షే అవుతుంది. నాగిరెడ్డి లేని సమైక్యతా కేంద్రం పేరులోని సమైక్యతను నిలుపుకోలేక పలుమార్లు విడిపోయింది, డి.వి.కి కూడా తన పేరుతో ఒక గ్రూపు మిగిలింది. సత్యనారాయణ సింగ్‌తో పుల్లారెడ్డి పొత్తు 1980లో తెగింది. డి.వి. 1984 జూలైలో, పుల్లారెడ్డి అదే ఏడాది నవంబరు 9న మరణించారు. పుల్లారెడ్డి బతికి ఉండగానే పైలా వాసుదేవరావు ప్రభృతులు విడిపోయారు, న్యూడెమోక్రసీ అనే పార్టీ ఆ పాయలోనిది. 1992లో కొన్ని గ్రూపులు కలిసి జనశక్తి అయ్యాయి. ఇక్కడ ఒక సాధారణ పొరపాటును సరిచేయాలి. 1980 ఏప్రిల్ 22న కొండపల్లి సీతారామయ్య స్థాపించిన పీపుల్స్ వార్, 2004లో దాని విలీనంతో పుట్టిన మావోయిస్టు పార్టీ ఈ చెట్టు కొమ్మలు కావు. అవి చారు మజుందార్ పార్టీలోంచి, దానిమీద ఆత్మవిమర్శతో వచ్చినవి. ఒకే అడవిలో, ఒకే కోయ గూడెంలో ఈ రెండు సంప్రదాయాల దళాలూ తిరిగాయి, అప్పుడప్పుడు ఒకరినొకరు చంపుకున్నాయి కూడా. అందుకే గూడెంలో అన్నలు వచ్చారంటే ఏ అన్నలని అడగవలసి వచ్చేది.

ఖమ్మం ప్రాంతంలోని ఇల్లెందులో కథ ఇంకో మలుపు తీసుకుంది. పుల్లారెడ్డి పాయ 1977 తరువాత ఎన్నికల్ని కూడా వాడుకోవాలని నిర్ణయించింది. ఆ నిర్ణయం ఫలితంగా గుమ్మడి నర్సయ్య అనే కోయ రైతుబిడ్డ 1983, 1985, 1989, 1999, 2004 ఎన్నికల్లో ఇల్లెందు నుంచి గెలిచారు. బస్సులో, సైకిలు మీద తిరిగిన శాసనసభ్యుడిగా ఆయన గురించి పార్టీతో పనిలేనివారు కూడా చెబుతారు. ఒక నియోజకవర్గంలో రెండు దశాబ్దాలు నిలవడం చిన్న గ్రూపుకు తక్కువ విషయం కాదు, మరోచోట అలా నిలదొక్కుకోలేకపోవడం కూడా అంతే గమనించదగ్గది. ఆకు రేటు, పోడు పట్టా దగ్గర వీరికి ఓటు వేసిన జనం, అంతకు మించిన పత్రాల దగ్గర వీరితో నడవలేదు. కాపాడుకోవడానికి ఏదో ఒకటి సంపాదించుకున్న చోటే జనం నిలుస్తారన్న డి.వి. పాఠానికి ఇది అనుకోని రుజువు, అదీ ఆయనతో విభేదించిన పాయ చేతుల మీదుగా.

ఆ ప్రాంతంలో రోడ్ల పక్కన, కూడళ్లలో ఎర్రరంగు స్థూపాలు కనిపిస్తాయి. పైన సుత్తీకొడవలి, కింద పేర్లు, తేదీలు. పుల్లారెడ్డి వర్ధంతిని కలుపుకుని నవంబరు 1 నుంచి 9 దాకా వాటికి కొత్త రంగు పడుతుంది, కింద సభలు జరుగుతాయి. తెలంగాణ రాష్ట్రం వచ్చే వేళకు న్యూడెమోక్రసీ కూడా రెండయింది కనుక సభలు ఎవరివి వారివే, కరపత్రాలు ఎవరివి వారివే. నీలం రామచంద్రయ్య, జంపాల ప్రసాద్ పేర్లు మాత్రం అందరి జాబితాల్లోనూ ఉంటాయి.